అక్క తీయని తాళం

అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి పాత పుస్తకాలు బాగుచేసే దుకాణం పెట్టి పన్నెండేళ్ళయింది. ముందు గది అక్కది. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడటం, ఉత్తరాలకు జవాబులు రాయడం ఆమె పని. వెనక గది చెల్లెలిది. పురుగు కొట్టిన పేజీలకు పల్చటి కాగితం అతికించడం, ఊడిన కుట్లు మళ్ళీ వేయడం, తడిసి ముద్దయిన పుస్తకాన్ని ఒక్కొక్క ఆకూ విడదీసి ఆరబెట్టడం ఆమె చూసుకునేది. "నోరు నాది, చేతులు దానివి" అని అక్క అందరితోనూ నవ్వుతూ చెప్పేది.

దుకాణానికి మెయిల్‌బాక్సు ఒక్కటే. రెండు గదుల్లోని రెండు కంప్యూటర్లూ తెరిచేది దాన్నే. మొదట్లో ఇద్దరూ ఒకేసారి తెరిచి, ఒకరు చదువుతుండగా మరొకరు చెరిపి నానా గందరగోళం చేశారు. ఒకసారి ప్రొఫెసరుగారి ఉత్తరం పైసగం, పెళ్ళి ఆల్బం ఇచ్చిన ఒకావిడ ఉత్తరం కిందిసగం అతుక్కుపోయి ఒకే ఉత్తరమై కూర్చున్నాయి. అక్క చూసుకోకుండా జవాబు పంపేసింది. "నా నిఘంటువులో పెళ్ళికొడుకు ఫొటో ఎక్కడ అతికిస్తారమ్మా?" అని ప్రొఫెసరుగారు ఫోన్ చేసి అడిగితే ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

నవ్వు తగ్గాక చెల్లెలు నాలుగు రోజులు కుస్తీపట్టి ఒక ఏర్పాటు చేసింది. ఒకరు మెయిల్‌బాక్సు తెరవగానే దాని పక్కన 'తాళం' అనే చిన్న ఫైలు పుడుతుంది. అందులో ఎవరు, ఎప్పుడు తెరిచారో ఉంటుంది. రెండో కంప్యూటరు ముందుగా ఆ ఫైలు ఉందేమో చూసుకుంటుంది. ఉంటే ఆగిపోతుంది. చదవడం ముగించి మూసేస్తే ఫైలు దానంతటదే పోతుంది.

"ఇది నిజం తాళమేం కాదక్కా" అని ఆ రోజే చెప్పింది చెల్లెలు. "ఎవరైనా ఆ ఫైలు చెరిపేసి లోపలికి పోవచ్చు. ఇద్దరం మాట మీద ఉంటేనే పనిచేస్తుంది."

"నీ తాళం నేను ముట్టను, నా తాళం నువ్వు ముట్టకు. సరేనా?" అంది అక్క.

ఏడేళ్ళు ఎవరూ ముట్టలేదు.

ఒక సోమవారం పొద్దున చెల్లెలు ఉత్తరాలు చూద్దామనుకుంటే అక్క తాళం ఉంది. మధ్యాహ్నం చూసినా ఉంది. మర్నాడూ ఉంది.

"జవాబులు సగంలో ఉన్నాయే. నీకేం కావాలో చెప్పు, చదివి వినిపిస్తా" అంది అక్క.

"నాకెవరు రాస్తారులే" అని చెల్లెలు కుట్టుపనిలో పడింది.

గురువారం కరెంటు పోయి వచ్చింది. అక్క కాగితాలు కొనడానికి బయటికి వెళ్ళింది. ముందు గదిలో కంప్యూటరు ఆరిపోయినా తాళం అలాగే ఉండిపోయింది. చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, నీ తాళం మిగిలిపోయింది. తీసెయ్యనా?"

"వద్దు!" అక్క అరిచిన అరుపుకి చెవి గింగురుమంది. వెంటనే గొంతు మెత్తబడింది. "నేనొచ్చి చూసుకుంటాలే. మాటంటే మాటే కదమ్మా."

నిజమే కదా, అనుకుంది చెల్లెలు. ఊరుకుంది.

తరవాతి గురువారం చెల్లెలి ఫోన్ మోగింది. పెద్ద గ్రంథాలయం అధికారిణి. వరదలో తడిసిన వాళ్ళ పటాల పుస్తకాన్ని ఆరు నెలలు కష్టపడి బతికించింది చెల్లెలే.

"ఇప్పుడెలా ఉందమ్మా ఒంట్లో?" అని అడిగిందావిడ.

"నా ఒంటికేమైందండీ?"

"మా మరమ్మతు విభాగం చూసుకోమని మిమ్మల్ని పిలిచాం కదా. చేతులు వణుకుతున్నాయి, ఇక సూది పట్టలేను, నా బదులు అక్కను తీసుకోండి, పని తనకూ వచ్చు అని మీరే రాశారు. నిన్ననే ఆవిడకు ఉత్తర్వు పంపాం."

చెల్లెలు తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేసి, కంప్యూటరు ముందు కూర్చుని, తాళం ఫైలును చెరిపేసింది. పదకొండు రోజుల్లో గ్రంథాలయానికి నాలుగు ఉత్తరాలు వెళ్ళాయి. అన్నింటి కిందా తన పేరే. 'సూదిలో దారం ఎక్కించడానికే పావుగంట పడుతోంది' అన్న వాక్యం దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. చదివేవాళ్ళకు జాలి పుట్టేలా ఎంత చక్కగా రాసింది!

అక్క లోపలికి వచ్చి చెల్లెలి ముందున్న తెర చూసింది.

"తాళం తీశావా?" అంది. "మాట తప్పావన్నమాట."

"పదకొండు రోజులు నీ తాళం ముందు కూర్చున్నానక్కా. పిచ్చిదానిలా" అంది చెల్లెలు.

అక్క సంచీ కింద పెట్టి కుర్చీలో కూలబడింది. "పన్నెండేళ్ళుగా గుమ్మం ఎక్కిన ప్రతివాళ్ళూ లోపలావిడ ఉందా అనే అడుగుతారు. నేనెవరికీ కనబడను. ఒక్కసారి నన్ను కూడా ఎవరైనా పిలిస్తే బాగుండుననిపించింది."

"అడిగితే ఇచ్చేసేదాన్ని కదా!"

"ఇచ్చేదానివే. నువ్వు పెట్టింది తినడం ఇష్టంలేకే అడగలేదు."

చెల్లెలు ఆ సాయంత్రమే అధికారిణికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. ఆవిడ ఓపికగా విని, "ఉత్తరాలు మీ మెయిల్‌బాక్సు నుంచే వచ్చాయి, మీ పేరుతోనే వచ్చాయి. ఏది నిజమో నేనెలా తేల్చను? ఇంటి గొడవ ఇంట్లోనే చూసుకోండమ్మా" అంది.

ఆదివారం అక్క పెట్టె సర్దుకుని గ్రంథాలయం ఉద్యోగానికి వెళ్ళిపోయింది. చెల్లెలు వెనక గదిలోంచి బయటికి రాలేదు. వీధి తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం విన్నది.

ఆ నెలంతా ముందు గదిలోకి ఎవరొచ్చినా లేచి వెళ్ళి తనే మాట్లాడింది. అన్నం సయించేది కాదు. ఉత్తరాలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకుంటున్నాయి. అది ఇంకా బాధ.

నెల దాటాక అక్క నుంచి మెయిల్ వచ్చింది. పలకరింపు లేదు, క్షమాపణ లేదు. 'వందేళ్ళ నాటి చేతిరాత పుస్తకం ఒకటి తడిసి ముద్దయిపోయింది. ఆకులు విడిపోవడం లేదు. లాగితే చిరుగుతున్నాయి. ఎలా చెయ్యాలో వెంటనే రాయి. ఇక్కడ ఎవరికీ తెలియకూడదు.'

చెల్లెలు రెండుసార్లు చదివింది. జవాబు రాయకుండా ఊరుకుంటే సరిపోయేది. కానీ ఎవరో వందేళ్ళ కిందట కూర్చుని రాసిన ఆకులు అక్కడ చిరిగిపోతున్నాయి. ఆవిరి ఎంతసేపు పట్టాలో, ఆకులు విడదీసే ఎముక పలకను ఏ మూల నుంచి దూర్చాలో, ఎప్పుడు చెయ్యి ఆపాలో అన్నీ వివరంగా రాసింది. అక్క మెయిల్ కూడా కిందనే ఉంచి, అక్కకూ గ్రంథాలయం అధికారిణికీ ఒకేసారి పంపింది.

రెండో రోజు అధికారిణి ఫోన్ చేసింది. గొంతులో ఇబ్బంది తెలుస్తూనే ఉంది. "అమ్మా, మీరొకసారి ఇక్కడికి రాగలరా? ఆ రోజు మీ మాట..."

"నేను రానండీ. పుస్తకాన్ని ఇక్కడికి పంపండి" అంది చెల్లెలు. "తడి ఆరనివ్వకుండా, ఈ రోజే."

అక్క సంగతి ఆవిడ చెప్పబోయింది. చెల్లెలు వినకుండానే ఫోన్ పెట్టేసి, బల్ల మీద చోటు చేయడానికి లేచింది.