జానెడు ఖాళీ

మా మేడకూ పక్క మేడకూ మధ్య జానెడు ఖాళీ వదిలింది మా తమ్ముడే. రెండింటికీ ఇంజనీరు వాడు.

"భూకంపం వస్తే మేడలు ఊగుతాయక్కా. చోటు లేకపోతే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి," అన్నాడు. చిన్నప్పుడు నా మంచానికీ తన మంచానికీ మధ్య సుద్దముక్కతో సరిహద్దు గీసినవాడు కదా, నేను పట్టించుకోలేదు.

ఆ సందులోంచి ఎలుకలు వచ్చేవి. డాబా మీద ఆరేసినవన్నీ అందులో పడేవి.

"మా ఆయన కళ్లజోడు కూడా మింగేసింది వదినా," అంది పక్క మేడావిడ. "పోనీలే, అప్పట్నుంచీ ఆయన కంటికి నేను అందంగా కనిపిస్తున్నాను."

వాళ్ల స్నానాలగది, మా వంటగది మళ్లీ కట్టించుకోవడానికి ఒకేసారి పగలగొట్టించాం. ఆ ఇటుకముక్కలన్నీ మేస్త్రి చేత సందులో కూరించి, పైన సిమెంటు పూయించాను. తమ్ముడికి చెప్పలేదు. చెబితే పాఠం మొదలుపెడతాడు.

పోయిన నెల ఒక ఉదయం భూమి కదిలింది. నేను కూరగాయల బండి దగ్గరున్నాను. మా మేడ పక్క మేడను గుద్దుతూనే ఉంది. మా శ్లాబు అంచు వాళ్ల స్తంభానికి సరిగ్గా నడుం మీద తగిలింది. వాళ్ల వెనక గది కూలింది. పక్క మేడ వదిన అందులోనే ఉంది.

తమ్ముడు వారం రోజులు మా ఇంట్లో నేల మీద ప్లాను పరుచుకు కూర్చున్నాడు. అన్నం ముట్టలేదు.

"జానెడు చాలలేదక్కా. నా లెక్క తప్పింది. ఇక ఒక్క ఇటుక కూడా పేర్చను."

"నీ లెక్క తప్పలేదురా. ఆ సందు నేనే పూడ్పించాను."

వాడు అరిచి ఉంటే బాగుండేది. పెన్సిలు కింద పెట్టి, "పక్కింటి అన్నయ్యగారికి చెప్పావా?" అన్నాడు, అంతే.

వదిన భర్త బడి వరండాలో తలదాచుకుంటున్నారు. నన్ను చూసి బెంచీ మీద జరిగి చోటిచ్చారు. మొత్తం చెప్పాను.

"ఇంజనీరుగారిని ఓ మాట అడుగుదామని మా ఆవిడ అనలేదామ్మా?"

"అంది అన్నయ్యగారూ. రెండుసార్లు అంది. నేనే నవ్వేశాను."

"అంటుంది," అన్నారు తల ఊపుతూ. "అడక్కుండా ఏ పనీ చేసేది కాదు." తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

వెళ్లిపొమ్మంటారని కూర్చున్నాను. ఆయన అనలేదు.