సాయెబు వచ్చిన రోజు

గేటు దాటగానే పుష్పరాణి కాళ్లు ఆగిపోయాయి. ఈ బెంగాలీ ఊళ్లో, గార్డెన్ రీచ్ డాకుల పక్కన పెచ్చులూడి నల్లగా నిలబడే తన తెలుగు హైస్కూలు తెల్లగా మెరుస్తోంది. గేటు నుంచి మెట్లదాకా రెండు వైపులా బ్లీచింగ్ పౌడరు గీతలు. గోడల బీటలన్నీ సిమెంటు కింద మాయమయ్యాయి.

"నిన్న డ్యూటీ దిగిన కాణ్ణుంచీ సేసినాం టీచరమ్మా," అన్నాడు బైరాగి. కనుబొమల మీద సున్నం ఇంకా తడిగానే ఉంది. "సాయెబొత్తున్నాడంటే కార్పొరేషనోళ్లం ఊరుకుంతామేటి?"

వీధులూడ్చే వాళ్ల మర్యాద అది. అధికారి వస్తున్నాడంటే చాలు, ముందు సున్నం పడుతుంది. కాని ఈసారి వచ్చేది, ఈ భవనం కూల్చి కొత్తది కట్టడానికి సర్కారు సొమ్ము ఇవ్వాలా వద్దా అని తేల్చే ఇంజనీరు. బడి ఉన్నదున్నట్టు కనబడితేనే మేలని హెడ్‌మిస్ట్రెస్‌గా తాను వాళ్లకు చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు.

"పిల్లలేరీ?"

"సగం మందిని ఇంటికి తోలేసినాం," అంది బైరాగి భార్య అప్పాయమ్మ. "బెంచీకి ఆరుగురు కూకుంటే సాయెబు ముందు సంతలాగుండదేటి?"

కోపం రావాలి. లోపల దానికోసం వెతికితే పుష్పరాణికి దొరికింది ఊరట. ఇదే బస్తీలో, చుట్టాలొస్తే చిరిగిన దుప్పటిని కాలితో మంచం కిందికి తోసిన చిన్నప్పటి సిగ్గు, ఆ తెల్లగోడల వెనక హాయిగా దాక్కుంది.

ఇంజనీరు వచ్చి వరండా చూశాడు, ఖాళీ బెంచీలు చూశాడు.

"మీరు అర్జీలో రాసినంత ఖరాబుగా ఏం లేదే, దిదిమణీ," అన్నాడు బెంగాలీలో, టీచరమ్మని వాళ్ల తీరులో పిలుస్తూ.

గోటితో గీకితే చాలు, బీట బయటపడుతుంది. ఆమె వేలు గోడదాకా వెళ్లింది. వరండా చివర మొగుడూ పెళ్లాలు చీపుళ్లు పట్టుకుని నవ్వుతూ చూస్తున్నారు. వేలు గోడను నిమిరి వెనక్కి వచ్చింది.

"పైపూత సార్," అంది చివరకు, మెల్లగా. "లోపల..."

"బాగుచేసుకునే మనుషులున్నారు మీకు. వాళ్లు కూడా లేని బళ్లున్నాయి. ముందు వాటికి," అని అతను జీపెక్కాడు.

బైరాగి గబగబా వచ్చాడు. "మెచ్చుకున్నాడేటమ్మా?"

"మెచ్చుకున్నాడు."

"సెప్పలేదేటే!" అంటూ పెళ్లాన్ని మోచేత్తో పొడిచాడు.

"మరైతే రేపు పిల్లగుంటలందర్నీ పంపీమంటారా?" అంది అప్పాయమ్మ.

పై అంతస్తు తరగతి గదిలో దూలం సున్నం కింద ఎక్కడ చిట్లిందో పుష్పరాణికి తెలుసు. కూర్చోబెట్టడానికి మరో గది లేదనీ తెలుసు.

"పంపండి," అంది.