ఎడమ తలుపు దీపం

అరచేతిలో ఒక గాజు ముక్క.

ఎర్రగా ఉంది. బొటనవేలి గోరంత ఉంది. వెలగలేదు... ఇంకా.

వాన వెలిసిన సాయంత్రం. కాలువ గట్ల దాకా నిండి, చప్పుడు లేకుండా పోతోంది. పైన గుర్రపు డెక్క తేలుతోంది. అడుగున ఏం మోసుకుపోతోందో కాలువ చెప్పదు. ఎవరు అడిగినా చెప్పదు.

బాలశౌరి గాజు ముక్కను ఒక కంటికి ఆనించి, రెండో కన్ను మూసి చూశాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. కట్ట మీది తుమ్మచెట్టు ఎర్రబడింది. చెట్టు మీది నీటికాకి ఎర్రబడింది. గుప్పిట మూసి, కారెక్కి, బెజవాడ వైపు తిప్పాడు.

కారంటే కారే లెండి. ఇరవై ఏళ్ళ నాటి ల్యాండ్‌మాస్టర్. మే నెల ఎండలో కూడా వణుకుతుంది. సైలెన్సరుకు చిల్లి. ఎక్కినవాళ్ళు మాట్లాడుకోవాలంటే గొంతు చించుకోవాలి. అయినా బాలశౌరికి అదే టాక్సీ, అదే అన్నం.

గాజు ముక్క మాత్రం అతని ఇంట్లోది. గోడ మీది ఏసుప్రభువు తిరుహృదయం పటం ముందు ఎర్ర గ్లాసులో ఒక దీపం ఉండేది. సాయంత్రం ప్రార్థన వేళ మార్త వెలిగించేది. మార్త అతని భార్య.

మార్త లేని ఇంట్లో దీపం ఆరింది. ఒకనాడు దుమ్ము తుడవబోతే గ్లాసు చేతిలోంచి జారి పగిలింది. ముక్కలన్నీ పారబోసి ఒక్కటి దాచాడు. ఎందుకు దాచాడో అప్పుడు అతనికే తెలియదు.

కిందటేడు, అంటే డెబ్భై నాలుగు ఆగస్టు. ఆ రోజూ వానే.

మార్తను పుట్టింటికి తీసుకుపోతున్నాడు. కూచిపూడి అవతల చిన్న పల్లె. ముందు సీటు నిండా బియ్యం మూట, అందుకని ఆమె వెనక కూర్చుంది. ఎడమ తలుపు పక్కన. ఆ తలుపు లాక్ అరిగిపోయి చాలా రోజులైంది. లోపలి పిడికి కొబ్బరితాడు వేసి, ముందు సీటు కమ్మీకి కట్టి నడుపుకొస్తున్నాడు.

"ఆ లాక్ మార్పించవయ్యా, ఎప్పుడో ప్రాణం మీదికొస్తది" అంది మార్త.

నాలుగోసారి అనడం. అసలు ఇంట్లోంచే మాటా మాటా అనుకుని బయల్దేరారు. అతనికి చిర్రెత్తుకొచ్చింది.

"అంత భయమైతే దిగిపో" అన్నాడు.

ఒక్క మాట.

అని, ఆమె మొహం కనబడకుండా పైనున్న అద్దాన్ని కప్పుకేసి తిప్పాడు.

ఆమె బదులు చెప్పలేదు. అలిగిందనుకున్నాడు. మార్త అలిగితే మూడు పూటలు నోరు విప్పదు. తుమ్మచెట్టు మలుపు వచ్చింది. వాన హోరు. ఇంజను హోరు. మలుపు పోయింది. వెనక నుంచి మాట లేదు. తనకు మాత్రం పంతం లేదా? అతనూ వెనక్కి తిరగలేదు. ఒక మైలు. రెండు మైళ్ళు. మూడో మైలులో మనసు మెత్తబడింది. రోడ్డునే చూస్తూ, "కోపం పోలేదా?" అని అడిగాడు.

ఖాళీ సీటును అడిగాడు.

పల్లె చేరేసరికి అత్తగారు తెరేసమ్మ గొడుగేసుకుని వీధిలోకి ఎదురొచ్చింది. కారులోకి తొంగి చూసింది. బియ్యం మూటను చూసింది. వెనక సీటును చూసింది.

"ఏదయ్యా, అమ్మాయేది?" అంది.

తలుపు మూసే ఉంది. మలుపులో ఊగి, గాలికి తనంతట తనే మూసుకుని ఉంటుంది. తాడు తెగలేదు. ముడి లేదు.

లాంతర్లతో వెతికారు. పడవల వాళ్ళు గడకర్రలతో వెతికారు. దిగువన కాలువ నీళ్ళు ఆపే లాకుల దగ్గర మూడు రోజులు కాపు కాశారు. ఒక చెప్పు దొరికింది, అది మార్తది కాదు. కాలువ చెప్పలేదు.

లాక్ పాడై పడిపోయిందని ఊరు ఊరంతా అనుకుంది. అతనూ అదే చెప్పాడు. దిగిపో అన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గుళ్ళో పాపాలు ఒప్పుకునే పాప సంకీర్తనంలో గురువుగారికి కూడా చెప్పలేదు.

పడిపోయిందా? ముడి విప్పుకుని దిగిందా?

ఏడాదిగా అతన్ని తినేస్తున్నది ఆ ఒక్క ప్రశ్న. పడిపోతే తన బద్ధకం చంపింది. దిగితే తన నోరు చంపింది. రెండింటిలో ఏదో తెలిస్తే ఆ బరువుతోనే బతుకుతాడు. తెలియకుండా ఎలా బతకడం?

బాలశౌరి గాజు ముక్క పట్టుకుపోయిన ఆదిశేషయ్య కొట్టు బెజవాడ వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఉంది. నేత ఇంట్లో పుట్టి, మగ్గం దిగి, కార్ల కరెంటు పని నేర్చినవాడు. అయినా చేతులను మగ్గం వదల్లేదు. వైరు తెగితే అందరిలా మెలిపెట్టడు, పోగు అతికినట్టు అతుకుతాడు. పక్క కొట్ల వాళ్ళకు అదో వేడుక. ఆయన దగ్గర ఇంకో వారం ఉంచితే కారుకు జరీ అంచు కూడా వేసిస్తాడని నవ్వుతారు.

"లాక్ కొత్తది వేయించావుగదరా శౌరీ. ఇంక తలుపుకి ఈ దీపం దేనికి?" అన్నాడు ఆదిశేషయ్య.

"వేయించాను బాబాయ్. అయినా నాకు తెలియాల. ఆ తలుపు వీసమెత్తు తెరుచుకున్నా నా కళ్ళ ముందు వెలగాల."

ఆదిశేషయ్య గాజు ముక్క కోసం చెయ్యి చాచాడు.

గాజు ముక్కను సానరాయి మీద నీళ్ళు చల్లుతూ గుండ్రంగా అరగదీశాడు. డ్యాష్‌బోర్డు రేకుకు, స్టీరింగు పక్కన, చిల్లి పెట్టాడు. గాజు బిగించి వెనక చిన్న బల్బు పెట్టాడు. ఎడమ తలుపు వచ్చి ఆనే చోట ఒక ఇత్తడి రేకు, దాని వెనక పాత టార్చిలైటు స్ప్రింగు. తలుపు మూస్తే రేకు దూరం జరుగుతుంది, దీపం ఆరుతుంది. తలుపు వీడితే రేకు బాడీకి తగులుతుంది, దీపం వెలుగుతుంది. అంతే విద్య.

కాళ్ళ కింది పట్టా ఎత్తి వైరు లాగాడు. అతుకుల మీద టేపు వేయలేదు. గంజి పట్టించిన నూలు చుట్టాడు, ఒత్తుగా, వరస మీద వరస.

"టేపు ఎండకి ఊడొస్తది. ఇది నేను పోయినా ఊడదు" అన్నాడు గర్వంగా.

వైరు లాగుతుంటే సీటు కమ్మీకి వేలాడుతున్న కొబ్బరితాడు చేతికి తగిలింది. లాక్ మార్పించినా బాలశౌరి ఆ తాడును పారేయలేదు.

"బాబాయ్... పోగును చూసి చెప్తావు గదా, తెగిందో జారిందో. ఇది చూసి చెప్పు. ముడి జారిందా? ఎవరన్నా విప్పారా?"

ఆదిశేషయ్య తాడు కొసను వేళ్ళ మధ్య నలిపాడు. చాలాసేపు నలిపాడు. వదిలేశాడు.

"నూలైతే చెబుదును నాయనా" అన్నాడు. అతని మొహం చూడకుండా అన్నాడు.

తలుపు తీశారు. ఎర్ర చుక్క వెలిగింది.

మూశారు. ఆరింది.

పది రోజులు దీపం బుద్ధిగా ఉంది. ఎక్కేవాళ్ళు తలుపు తీస్తే వెలిగేది. దిగేవాళ్ళు తలుపు తీస్తే వెలిగేది. ఎక్కుతున్నారో దిగుతున్నారో దానికి అక్కర్లేదు. తలుపు తెరుచుకుందని చెప్పడం వరకే దాని పని.

పదకొండో రోజు కూచిపూడిలో ఎవరినో ఎక్కించుకోవాలి. పొద్దున్నే ఖాళీ బండితో పోతున్నాడు. కాలువ మీద మంచు. కట్ట మీద మంచు.

తుమ్మచెట్టు మలుపు.

ఎర్ర చుక్క వెలిగింది.

కాలు బ్రేకు మీదికి పోయేలోగా ఆరింది.

దిగి చూశాడు. తలుపు గట్టిగా మూసి ఉంది. సీటు ఖాళీగా ఉంది. నీటికాకి కొమ్మ మీద రెక్కలు విప్పుకుని కూర్చుంది. కాలువ పోతోంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. తర్వాత బేరం ఉన్నా లేకపోయినా పొద్దున్నే పోయాడు. ఆ మలుపులో, ఒక్క రెప్పపాటు... వెలుగు. మళ్ళీ నలుపు.

అతనికి భయం వేసింది. అంతకంటే ఎక్కువగా ఆశ పుట్టింది. ఆశే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

దిగుతోందా? ఎక్కుతోందా?

దీపం చెప్పదు.

ఉండబట్టలేక ఆదిశేషయ్యకు చెప్పాడు. ఎందుకు చెప్పానా అని తర్వాత ఎంతగానో బాధపడ్డాడు. ఆయన పట్టా ఎత్తి, అతుకు తడిమి, నుదురు కొట్టుకున్నాడు.

"నాదేరా తప్పు. గంజి నూలు! కాలువ పక్క మంచుకి గంజి చెమ్మగిల్లింది. చెమ్మ పట్టుకుని కరెంటు పాకింది. ఏ కరెంటు పనోడూ ఇట్టాంటి పని చెయ్యడు. మగ్గం బుద్ధి పోనిచ్చుకున్నాను కాదు."

నూలు కోసేశాడు. నల్ల టేపు చుట్టాడు. కొట్లో నూలుకండె తీసి అటక మీద పడేశాడు.

ఆ తర్వాత మలుపులో దీపం వెలగలేదు.

పదిహేను రోజులు. పొద్దున పోయాడు. సాయంత్రం పోయాడు. వానలో పోయాడు. కట్ట మీద కారాపి, గాజును చూస్తూ కూర్చున్నాడు. గాజు గాజులాగే ఉంది.

ఒకసారి పోయిన మనిషి రెండోసారి కూడా పోతుందని అతనికి అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి, దీపం లేని పటం ముందు కూర్చుని, మూరెడు గంజి నూలు కోసం ఏడ్చాడు. నవ్వొచ్చే సంగతే. కానీ ఏడ్చాడు.

నవంబరు రెండు. సమాధుల పండుగ.

సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. కిందటేడు తెరేసమ్మ అందరితో పాటు కొవ్వొత్తి పట్టుకుపోయింది. పెట్టే చోటు లేక, మళ్ళీ ఇంటికి పట్టుకొచ్చింది.

ఈసారి పొద్దున్నే బస్సులో బెజవాడ వచ్చింది. వన్ టౌన్‌లో కొవ్వొత్తులు కొంది. అల్లుడి ఇంటికొచ్చి, నీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"ఒక సిలువ పాతుదాం బాబూ. కింద మనిషి లేకపోతే లేకపోయింది. పేరన్నా ఉంటది. నా బిడ్డకి ఒక చోటు కావాల."

సిలువ పాతితే పోయినట్టే. అందుకని ఏడాదిగా కుదరదంటూ వచ్చాడు. ఈసారి తలూపాడు.

వడ్రంగితో చేయించి, నల్లరంగు వేయించి, తెల్లగా పేరు రాయించి, డిక్కీలో పెట్టాడు. తెరేసమ్మ వెనక సీట్లో, ఎడమ తలుపు పక్కన కూర్చుంది. కొవ్వొత్తుల సంచి ఒళ్ళో పెట్టుకుంది. దీపం సంగతి ఆమెకు తెలియదు. ఆదిశేషయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దు వాలుతోంది. వాన లేదు. మంచు లేదు. చెమ్మ లేదు. కాలువ నిండుగా పోతోంది.

తుమ్మచెట్టు.

ఎర్ర చుక్క వెలిగింది.

ఆరలేదు.

కారు నెమ్మదించింది. ఆగింది. ఇంజను కూడా ఆగింది. అంత నిశ్శబ్దం ఆ కారు ఎన్నడూ ఎరగదు. గాజు వెలుగుతూనే ఉంది. పటం ముందు సాయంత్రాలు వెలిగినట్టే, నిలకడగా, తొందర లేకుండా.

పడ్డావా, దిగావా... ఏడాదిగా దాచుకున్న ప్రశ్న గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. అడగాల్సింది అది కాదు.

"ఎక్కు మార్తా" అన్నాడు.

పెదవులు కదిలాయో లేదో. వెనకనున్న మనిషికి వినబడేంత గట్టిగా మాత్రం అనలేదు.

వెనక చీర గరగరలాడింది. సంచిలో కొవ్వొత్తులు ఒకదానికొకటి తగిలాయి. సీటు స్ప్రింగు కిర్రుమంది.

తెరేసమ్మ జరిగింది. ఎడమ పక్క నుంచి కుడి పక్కకి. కుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని, సంచి దగ్గరికి తీసుకుని, ఒక మనిషి పట్టేంత చోటిచ్చింది.

దీపం ఆరింది.

"ఏంటత్తయ్యా?" అన్నాడు. ఆ గొంతు తనదేనా అనిపించింది.

ఆమె సంచిని ఒళ్ళో సర్దుకుంది.

"ఏమో బాబూ... జరగాలనిపించింది" అంది. రోడ్డుకేసి చూసి, "బండి పోనీ. పొద్దుపోతంది" అంది.

అద్దం ఇంకా కప్పుకేసే తిరిగి ఉంది. ఏడాదిగా అతను దాన్ని ముట్టుకోలేదు. చెయ్యెత్తితే తిప్పొచ్చు. మెడ తిప్పితే చూడొచ్చు. ఆ రోజు చూడక పోగొట్టుకున్నాడు. ఈ రోజు చూస్తే...

చూడలేదు.

ఒక మైలు. రెండు మైళ్ళు. మూడో మైలులో, రోడ్డునే చూస్తూ, ఇంజను హోరుకు మించి గొంతెత్తి అడిగాడు.

"కోపం పోయిందా?"

నాకేం కోపం బాబూ అని తెరేసమ్మ అనలేదు. అడిగింది తనను కాదని ఆమెకు తెలిసినట్టే ఉంది.

తెరేసమ్మ పల్లెలో సమాధుల దొడ్డి దగ్గర కారాగింది. లోపల వందల కొవ్వొత్తులు. ఎవరో పాట ఎత్తుకున్నారు. డిక్కీలో సిలువ ఉంది. తెరేసమ్మ అలవాటు కొద్దీ ఎడమ తలుపుకేసి చెయ్యి చాచింది.

"అటు కాదత్తయ్యా!" అని అరిచినంత పని చేశాడు. "ఇటు... ఇటు దిగండి. కుడి పక్క."

ఆమె కుడి పక్కనే దిగింది. సిలువ అడగలేదు. ఒక్క కొవ్వొత్తి తీసుకుని గేటు దాకా పోయి, ఆగి, వెనక్కి తిరిగింది. కారుకేసి చూసింది. ఎడమ పక్కకేసి చూసింది. కొవ్వొత్తి వెలిగించకుండా అలాగే నిలబడింది.

బాలశౌరి స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు. ఇన్నాళ్ళూ వెలగాలని మొక్కినవాడు ఇప్పుడు వెలగొద్దని మొక్కుతున్నాడు. వెలిగితే మార్త దిగిపోయినట్టే.

కళ్ళ ముందు ఒక గాజు ముక్క.

నల్లగా ఉంది. బొటనవేలి గోరంత ఉంది. వెలగలేదు...

ఇంకా.