నూటెనిమిది సీడీల గోడు

నేను ఒక పాటల పెట్టెని. అలా అనగానే మూత తీస్తే టింగుటింగుమనే బొమ్మపెట్టె అనుకునేరు! కాదు. నాలో నూటెనిమిది సీడీలున్నాయి. పసలపూడి గంగాధరం గారనే గాయకుడు బతికున్నన్నాళ్ళూ పాడిన కచేరీలన్నీ పోగేసి ఒక కంపెనీవాళ్ళు నన్ను తయారుచేశారు. ఊదారంగు అట్ట, లోపల పట్టుగుడ్డ, మీద బంగారు అక్షరాలు. వెనకవైపు ‘శబ్దదోషాలన్నీ తొలగించి శుద్ధి చేసినవి’ అని అచ్చువేసి, పల్చటి ప్లాస్టిక్ బిగించి సీలు వేశారు. నన్ను ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ఇంతా చేస్తే ఒకే కీర్తన నాలో పదకొండు చోట్ల ఉంది. పదకొండుసార్లు ఎవరు వింటారండీ? ఆ సంగతి చేసినవాళ్ళూ ఆలోచించలేదు, కొన్నాయనా ఆలోచించలేదు.

కొన్నది కాకినాడలో పేరి సర్వేశం గారు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. సంగీతమంటే చెవి కోసుకుంటారు. నేను వచ్చిన రోజు ఆయన హడావిడి చూడాలి! అలమరలో నాకు చోటు చేయడానికి పాత క్యాసెట్లన్నీ బస్తాలోకి తోసి, వీధిలో పోతున్న పాతసామాన్లవాణ్ణి కేకేశారు. ఆయన భార్య హైమవతి గారు వంటింట్లోంచి పరుగున వచ్చారు.

“ఆగండాగండి! అందులో గురువుగారి రేడియో కచేరీ ఉంది. నా గొంతుంది దాన్లో.”

“ఆ కచేరీ ఇందులోనూ ఉందే! ఇదిగో, తారీఖుతో సహా వేశారు. అరిగిపోయిన క్యాసెట్టుతో ఏం పని? ఇందులో అయితే ఇంకా శుభ్రంగా వినపడతావు.”

హైమవతి గారి సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందు ఆవిడ గంగాధరం గారి శిష్యురాలు. ఆ రేడియో కచేరీలో గురువు వెనక తంబుర పట్టుకుని కూర్చున్నారు. చరణం మధ్యలో గురువుగారికి దగ్గుతెర వచ్చింది. రేడియోలో పాట ఆగితే ఇంకేమైనా ఉందా! ఈ పిల్ల చటుక్కున అందుకుని, ఆయన తేరుకునేదాకా ఒక్కతే పాట నడిపించింది. ఆవిడ గొంతు రికార్డయింది ఆ ఒక్కసారే. తర్వాతెప్పుడో థైరాయిడ్ ఆపరేషన్‌లో ఆ గొంతు పోయింది. ఇప్పుడు మాట్లాడితే బొంగురుగా గాలి వస్తుంది. టేప్‌రికార్డరు కూడా చెడిపోయి మూలపడింది. ఒక్కసారి తన పాట తాను వినాలని ఆవిడ కోరిక. అందుకే మొగుడి మాట నమ్మారు, బస్తా వెళ్ళిపోయింది.

తీరా చూస్తే ఆయన నా సీలు తీయనిస్తేగా! తీస్తే విలువ పోతుందట. “సీలుతో ఉన్నది జిల్లా మొత్తానికి ఇదొక్కటేనండోయ్” అని వచ్చినవాళ్ళకల్లా నన్ను చూపించేవారు. వాళ్ళు వెళ్ళగానే వాలుకుర్చీలో కూర్చుని ఫోనులో పాటలు వినేవారు. నా ఎదురుగా! ఒళ్ళు మండదూ?

హైమవతి గారు అడిగినప్పుడల్లా “తీద్దాంలేవే” అనేవారు. ఒక దసరాకి ఆవిడ గట్టిగా పట్టుబట్టారు. ఆయన గబగబా నన్ను తీసుకెళ్ళి సరస్వతీ పూజలో పుస్తకాల పక్కన పెట్టి, పసుపూ కుంకుమా అద్దేశారు. “పూజలో పెట్టినవి విజయదశమి దాకా ముట్టుకోకూడదు కదే” అన్నారు, ఏమీ ఎరగనట్టు. విజయదశమి వచ్చింది, వెళ్ళింది. నేను కుంకుమబొట్టుతో సహా మళ్ళీ అలమర ఎక్కాను. వినిపించడానికి పుట్టినదాన్ని. నన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెడితే ఎవరితో చెప్పుకోను?

నాలాంటి పెట్టెలు కొనాలా వద్దా అని మీరు అడుగుతారని తెలుసు. వినే ఓపికుంటే కొనండి. అలమర నింపుకోవడానికైతే నాలుగు ఇటుకలు పేర్చుకోండి, దుమ్ము దులపడం తేలిక!

మొన్నామధ్య తెలిసిన దంపతులెవరో వచ్చారు. “మీరు బాగా పాడేవారటగా” అని ఆ అమ్మగారు అడిగితే, హైమవతి గారు జవాబు చెప్పబోయి గొంతు పెగలక ఆగిపోయారు. సర్వేశం గారు నా వీపు తట్టి, “మా ఆవిడ గొంతు ఇందులో భద్రంగా ఉందండీ” అన్నారు గర్వంగా. వాళ్ళు గేటు దాటారో లేదో, ఆవిడ కూరల చాకు తెచ్చి నా ప్లాస్టిక్‌ని నిలువునా చీరేశారు.

“అయ్యయ్యో, అదేం పనే!”

“భద్రంగా ఉందన్నారుగా. చూద్దాం.”

నాకెంత సంబరమో! ఆవిడ వెతికి ఆ కచేరీ సీడీ తీసి ప్లేయర్లో పెట్టారు. గంగాధరం గారి గొంతు ఇల్లంతా నిండింది. పల్లవి అయింది, అనుపల్లవి అయింది. హైమవతి గారు కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నారు. చరణం మొదలవగానే ఆవిడ పెదవులు కదిలాయి. పాట మాత్రం సాఫీగా ముందుకు వెళ్ళి ముగిసిపోయింది. దగ్గు లేదు. ఆవిడా లేరు.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నారు. ఇంకోసారి విన్నారు. శుద్ధి చేశారు మహానుభావులు! దగ్గు దోషమట. ఏసీ గదిలో కూర్చుని ఎవరో దాన్ని కోసిపారేసి, వెంట వచ్చిన ఆ పిల్ల పాట కూడా కోసి, రెండు కొసలూ అతుకు తెలియకుండా కలిపేశారు. ఇన్నేళ్ళూ ‘శుద్ధి చేసినవి’ అన్న ఆ ముక్కని వీపుమీద గొప్పగా మోసుకు తిరిగాను చూడండి, నా ఖర్మ!

“దగ్గుతోపాటు నన్నూ తీసేశారండీ” అన్నారావిడ. లేచి వెళ్ళి పొయ్యిమీది పాలు దించారు.

సర్వేశం గారు ఆ సాయంత్రమే పాతసామాన్ల కొట్లమీద పడ్డారు. “క్యాసెట్లాండీ? ఎప్పుడో కరిగించేసుంటారండీ బాబూ” అన్నారు అందరూ. కంపెనీకి ఫోన్ చేస్తే, శుద్ధి చేసింది తప్ప అసలు టేపు తమ దగ్గర లేదన్నారు. తిరిగి తిరిగి ఆయన తలప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత ఫోనులో పాటలు వినడం కూడా మానేశారు. నన్ను చూస్తే మొహం తిప్పుకునేవారు. చివరికి అమ్మకానికి పెట్టారు.

తునినుంచి ఒకాయన వచ్చాడు. నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సీలు లేకపోయినా పర్లేదండి, ఆయ్. మనం వినడానికేనండి. గంగాధరం గారు పాడినయ్యన్నీ ఉన్నట్టేనాండి ఇందులో?”

వంటింటి గుమ్మంలో హైమవతి గారు నిలబడి ఉన్నారు.

“ఆయనవి ఉన్నాయండీ” అన్నారు సర్వేశం గారు. “మా ఆవిడది ఒక్కటి ఉండేది. దాన్ని నేనే పాతసామాన్లవాడికి ఇచ్చేశాను.”