నీళ్ల పేజీ

ప్రశ్న పూర్తికాకముందే జవాబు వచ్చేసింది.

"గడిచిన ఏడాదిలో మీ భర్త ఎప్పుడైనా మీ మీద..."

"లేదమ్మా, లేదు. చెయ్యెత్తడం మాట అటుంచు, గొంతు కూడా పెంచడు. బంగారం లాంటి మనిషి."

సర్వే అమ్మాయి ట్యాబ్ మీద 'లేదు' నొక్కి తలెత్తింది. ఎదురు కుర్చీలో ఆ ఇంటి ఇల్లాలు చేతులు ఒళ్లో పెట్టుకుని, పాఠం ఒప్పజెప్పడానికి వచ్చిన పిల్లలా నిటారుగా కూర్చుంది. ఈ ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి ఎంత మాటకారి అయినా తడబడుతుంది. కొందరు నవ్వేస్తారు. కొందరు గుమ్మం వైపు చూస్తారు. మొగుడు నిజంగా మంచివాడైనా సరే, ఒక్క క్షణం ఆగి 'ఇవన్నీ దేనికమ్మా?' అంటారు. ఈవిడ ఆగలేదు, అడగలేదు. తర్వాతి ప్రశ్న వస్తువులతో కొట్టడం గురించి అని తెలిసినట్టు, "కర్రా లేదు, బెల్టూ లేదు," అని కూడా చేర్చింది.

ఎలా తెలుసు?

బయట అందరికీ ఇది ఇంటింటి ఆరోగ్య సర్వే. ఇళ్లలో జరిగే హింసను ప్రభుత్వం లెక్క కడుతోందన్న సంగతి, ఎంపికైన ఇంట్లో ఒకే ఒక్క ఆడమనిషికి, అదీ ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడే చెప్పాలి. మధ్యలో ఎవరైనా వచ్చిపడితే ఆవిడ కొంప మునగకుండా ఒక ఏర్పాటు ఉంది. ట్యాబ్‌లో మూలనున్న నీలం గుర్తు నొక్కితే ప్రశ్నలన్నీ మారిపోతాయి. కుళాయి, నిలవ నీళ్లు, దోమలు. బృందంలో అందరూ దాన్ని నీళ్ల పేజీ అంటారు.

తలుపు తోసుకుని పక్కింటావిడ వచ్చింది, చేతిలో గొడుగుతో.

సర్వే అమ్మాయి వేలు నీలం గుర్తు దాకా ఇంకా వెళ్లనే లేదు.

"కుళాయి నీళ్లేనమ్మా!" అంది ఇల్లాలు గట్టిగా. "రోజూ వస్తాయి. వాసనేం ఉండదు."

నీళ్ల గురించి సర్వే అమ్మాయి ఒక్క మాటైనా అడగలేదు.

"గొడుగు ఇచ్చేద్దామని వచ్చా," అంది పక్కింటావిడ. "మీ వదినకెలా ఉందే? పెరట్లో మనిషి అలికిడే లేదు ఈ మధ్య."

"బాగానే ఉంది. తర్వాత మాట్లాడతా, పనిలో ఉన్నానుగా."

పక్కింటావిడ ట్యాబ్ వైపు, అమ్మాయి వైపు ఎగాదిగా చూసి వెళ్లిపోయింది.

ఇంట్లో తనూ తన భర్తా తప్ప మూడో మనిషి లేరని ఇంతకుముందే రాయించింది ఈవిడ. "వదినంటే ఎవరండీ?" అనడిగింది సర్వే అమ్మాయి, ఊరికే అడిగినట్టు.

"వరసకి. చుట్టపుచూపుగా వచ్చి వెళ్లింది. మీరు కానివ్వండి."

అప్పుడే లోపలి గదిలో ఏదో గిన్నె జారిన చప్పుడైంది. వెంటనే ఆగిపోయింది. ఎవరో గబుక్కున చేత్తో పట్టుకున్నట్టు.

"పిల్లి," అంది ఇల్లాలు.

సర్వే అమ్మాయి తల ఊపి, చూపు తిప్పుకుంది. ఆ చూపు వెళ్లి కుర్చీ మీద పరిచిన అల్లిక గుడ్డ మీద పడింది. ఆకుపచ్చ నూలు మీద తెల్ల పువ్వులు. ప్రతి పువ్వుకీ ఒక్క రేకు మాత్రం పసుపు.

ఆ పువ్వులు ఆమెకు తెలుసు. రోజూ వాటికే ఆనుకుని కూర్చుంటుంది. సర్వే వ్యాన్‌లో సీటు దిండు మీద ఉన్నవి అవే. "మీ పిన్ని అల్లింది, అమ్మాయ్. ఒక రేకు కావాలనే పసుపు వేస్తుంది, అది ఆవిడ సంతకం," అని డ్రైవర్ బాబాయ్ ఎన్నిసార్లు మురిసిపోయాడో.

"ఎంత బాగుందో! మీరే అల్లారా?"

"ఆ... నేనే."

స్టూలు మీద సగంలో ఆగిపోయిన పువ్వు ఉంది, సూది ఇంకా దానికే గుచ్చి ఉంది. "ఒక్క రేకు అల్లి చూపించరూ? నేర్చుకోవాలని ఎప్పట్నించో ఉంది."

ఆవిడ సూదిని పట్టుకున్న తీరు చూస్తే, చెంచా పట్టుకున్నట్టుంది. "ఇప్పుడు ఓపిక లేదమ్మా," అని పక్కన పెట్టేసింది.

సర్వే అమ్మాయి మిగిలిన ప్రశ్నలన్నీ అడిగింది. అన్నిటికీ 'లేదు' నొక్కింది. నవ్వుతూ థాంక్స్ చెప్పి బయటికొచ్చింది. సందు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

వ్యాన్ సందు చివర ఆగి ఉంది. ఎంత ఇరుకు సందులోనైనా గుమ్మం ముందుకే తెచ్చి దింపే బాబాయ్, ఇవాళ మాత్రం "బండి పట్టదు అమ్మాయ్, నడువు" అన్నాడు. పట్టకపోవడం కాదు, అది అతని ఇల్లే కాబట్టి ఇరుగుపొరుగు పలకరిస్తారని. ఖాళీ సమయాల్లో వ్యాన్‌లో కూర్చుని తామంతా ప్రశ్నలు చదువుకుంటుంటే, స్టీరింగ్ మీద గడ్డం ఆనించి కునుకు తీసే మనిషి ఒక్క ముక్క కూడా వదల్లేదన్నమాట. తాళం వేస్తే మళ్లీ వస్తారనీ, కాదంటే సూపర్‌వైజర్ వస్తుందనీ తెలుసు కాబట్టే, భార్యని లోపల దాచి, ఆవిడ బదులు చెల్లెల్ని కూర్చోబెట్టాడు.

"ఏం అమ్మాయ్, తొందరగానే తేల్చేశావే?" అద్దంలో అతని కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

"ఏముంది బాబాయ్. అన్నీ లేదు, లేదు, లేదు. అదృష్టవంతురాలు."

"అలాంటి ఇళ్లూ ఉంటాయిగా మరి!" అని నవ్వి గేరు మార్చాడు.

దిండుకి ఆనుకోకుండా ముందుకు వంగి కూర్చుంది సర్వే అమ్మాయి. ఇన్నాళ్లూ ఆలస్యమైతే ఇంటిదాకా దింపి వెళ్లిన మనిషి. బాబాయ్ అని నోరారా పిలిచిన మనిషి. ఇప్పుడు అతని మెడ వెనక భాగం కనపడకుండా కిటికీ వైపు తిరిగింది.

ఆఫీసు మెట్ల దగ్గర సూపర్‌వైజర్‌ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అంతా చెప్పింది. సూపర్‌వైజర్ ఒకసారి వ్యాన్ వైపు చూసింది. ఆవిడ డ్రైవర్‌ను తమ్ముడూ అని పిలుస్తుంది. అతను ఆవిడకి సంచులు మోస్తాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు మేడం."

"చెప్పకు." అని, గిరుక్కున తిరిగి నేరుగా వ్యాన్ దగ్గరికే వెళ్లింది. కిటికీలోంచి తల పెట్టి ఏదో చెప్పింది. అతను పకపకా నవ్వాడు. బండి కదిలి వెళ్లిపోయింది.

సర్వే అమ్మాయి మెట్ల మీదే నిలబడిపోయింది. మేడం అతనికి చెప్పేసింది. వాడిప్పుడు ఇంటికే వెళ్తున్నాడు. లోపలి గదిలో ఆ మనిషి... తన తొందరపాటు వల్లే...

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటి? ఆటో పిలువు," అంది సూపర్‌వైజర్ వెనక్కి వచ్చి. "టైర్లు చూపించుకు రమ్మని మెకానిక్ దగ్గరికి పంపా. నీ బిల్లుల మీద నాకు నమ్మకం లేదు తమ్ముడూ, కొంచెం తగ్గించి రాయించుకో అంటే నవ్వుతున్నాడు వెధవ."

ఆటోను పెరటి వైపు సందులో ఆపించి, ఇద్దరూ ముందు తలుపు తట్టారు.

తలుపు తీసిన డ్రైవర్ చెల్లెలి ముఖం పాలిపోయింది. "మళ్లీ ఏంటమ్మా?"

"మా అమ్మాయి సగం సగం చేసుకొచ్చింది," అంది సూపర్‌వైజర్, కుర్చీ లాక్కుని ఆవిడ ఎదుట కూర్చుంటూ. "నీళ్ల గురించి మీరు బాగా చెప్పారట. అదే వివరంగా రాయాలి. దోమలతో సహా. నువ్వెళ్లి కుళాయి చూసి రావే, కళ్లతో చూసి నమోదు చెయ్యాలని రూలు."

"కుళాయి... లోపల అంతా చిందరవందరగా..."

"అదే రాసుకుంటాం. కూర్చోండి. బిందె మీద మూత ఉంటుందా?"

కాదంటే ఇంటి ఇల్లాలు ఎందుకు కాదంటోందని అడుగుతారు. డ్రైవర్ చెల్లెలు కుర్చీ అంచున కూర్చుండిపోయింది.

లోపలి గది దాటితే పెరడు. కుళాయి పక్కన గోడకి ఆనుకుని ఒక మనిషి. ఎడమ చేతి వేళ్లన్నీ కలిపి పాత గుడ్డతో కట్టి ఉన్నాయి. దవడ కింద పచ్చబడుతున్న మచ్చ.

సర్వే అమ్మాయి చప్పుడు కోసం కుళాయి పూర్తిగా తిప్పింది.

"పిన్నీ," అంది.

ఆ పిలుపుకి ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "బండిలో అమ్మాయివా? ఆ దిండు నీ సీటుదేనా?"

"నాదే పిన్నీ. మీ ఇష్టముంటేనే మాట్లాడండి. ఇవాళ కాకపోతే..."

"మొదటిదానికి అవును అని రాసుకో," అంది ఆవిడ. "రెండోది కూడా అవును. కర్ర గురించి అడుగుతారు కదా, అదీ అవునే. గొంతు పట్టుకోవడం, అవును."

"ప్రశ్నలు మీకెలా..."

"ఆయనే చదివి వినిపిస్తాడు. కొట్టి, 'ఇది ఎన్నో నంబరో చెప్పు' అని నవ్వుతాడు." ఆవిడ కట్టు ఉన్న చేతిని గుండెకి అదుముకుంది. "ఇవి గవర్నమెంటు అడిగే విషయాలని నాకు అలాగే తెలిసింది. అందరిళ్లలో ఉండేదే అనుకున్నా అంతకుముందు. అప్పట్నించి ఎప్పుడొస్తారా అని చూస్తున్నా. తీరా ఇవాళ వస్తే, గది దాటి ముందుకొస్తే రెండో చెయ్యి కూడా ఉండదన్నాడు. అందుకే గిన్నె పడేశా. మళ్లీ భయమేసి నేనే పట్టేసుకున్నా... మా ఆడపడుచు పిల్లి అంది చూడు, అదే."

"నాకు వినపడింది పిన్నీ. వెనక సందులో ఆటో ఉంది. ముందు ఆసుపత్రికి, అక్కణ్నించి మీరు ఎక్కడికంటే అక్కడికి."

ఆవిడ పెరటి తలుపు వైపు చూసింది. అడుగు పడలేదు.

వీధిలో వ్యాన్ చప్పుడు. ఈసారి సందు చివర కాదు, గుమ్మం ముందే ఆగింది. పిన్ని చెయ్యి అమ్మాయి మణికట్టుని ఉడుంపట్టు పట్టింది.

ముందు గదిలోంచి అతని గొంతు. "మేడం! మీరేంటి ఇక్కడ?"

"నువ్వేంటి తమ్ముడూ, మెకానిక్ దగ్గర లేవా?" సూపర్‌వైజర్ గొంతు తాపీగా ఉంది. "అన్నట్టు, ఈ ఇల్లు నీకు తెలుసా? మీ వాళ్లెవరైనానా?"

గోడకి ఇవతల ఇద్దరూ చెవులు రిక్కించారు. తెలుసు అంటే చెల్లెలి నాటకం బయటపడుతుంది. ఉద్యోగం పోతుంది. తర్వాత పోలీసులు.

"తెలీదు మేడం. ఇందాక అమ్మాయి ఇక్కడేదో మర్చిపోయినట్టుందని, చూద్దామని వచ్చా."

"అయితే బయట కూర్చో. ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు మగాళ్లు లోపలికి రాకూడదు, నీకు తెలీనిదా? ఆ, చెప్పండమ్మా, దోమలు పగలు కుడతాయా, రాత్రా?"

చెప్పుల చప్పుడు గుమ్మం దాటి బయటికి వెళ్లింది.

పిన్ని మెల్లగా చెయ్యి వదిలింది. వంగి, కుళాయి కట్టేసింది.

"ఇల్లు తెలీదన్నాడుగా," అంది. "ఇంక చెప్పి వెళ్లాల్సినవాళ్లెవరూ లేరు."

పెరటి తలుపు గడియ తనే తీసింది, బాగున్న చేత్తో.