సున్నపు గీతకు అవతల నికనోర్

మా ఊరు లా గ్వాసిమాలో ఆట ఉన్న రోజు భోజనాలు తొందరగా ముగుస్తాయి. చక్కెర మిల్లు కూత వినపడగానే తిమొతెయో సున్నం బండి తోసుకుంటూ మైదానంలోకి దిగి తెల్ల గీతలు గీస్తాడు. బెనీల్దా వేయించిన రొట్టెలు గుడ్డలో మూటగట్టుకుని, విసనకర్ర పట్టుకుని వచ్చి గ్యాలరీ మూడో వరసలో తన చోట కూర్చుంటుంది. ఆమె మొగుడు నికనోర్, అందరూ మర్యాదగా డోన్ అని పిలిచే మనిషి, మా బేస్‌బాల్ జట్టుకు మేనేజరు. ఆయన ఇంకో కప్పు కాఫీ తాగి, మోకాళ్లను తిట్టుకుంటూ బెంచీ చేరతాడు.

బేస్‌బాల్ ఆడేవాడెవడూ ఆ సున్నపు గీత తొక్కడు. తొక్కితే ఉన్న అదృష్టం కాస్తా పోతుంది. అందుకే లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా దాని మీంచి దాటే వెళతారు. మా ఊళ్లో కోళ్లు కూడా దాటే వెళతాయంటారు గానీ, అది కాస్త ఎక్కువ చేసి చెప్పడం. నికనోర్ కూడా దాటతాడు. ఇవతల అరవై ఆరేళ్ల మనిషి కాలెత్తుతాడు, అవతల ఇరవై మూడేళ్ల కుర్రాడు కాలు దించుతాడు. పొట్ట పోతుంది, జుట్టు నల్లబడుతుంది, చొక్కా భుజాల దగ్గర బిగుసుకుంటుంది. తిరిగొచ్చేటప్పుడు గీత దాటగానే మోకాళ్లు మళ్లీ పట్టేస్తాయి. అంపైర్లు దీనికో నియమం పెట్టి ఊరుకున్నారు. అవతల ఉన్నప్పుడు మాట్లాడవచ్చు, ఆడకూడదు.

ఇరవై మూడే ఎందుకంటే, ఆయన ఆట ఆ వయసులోనే ఆగిపోయింది. ఆ రోజుల్లో నికనోర్ పిచర్. మైదానం మధ్యలో మట్టిదిబ్బ మీద నిలబడి బంతి విసిరితే, బ్యాటు పట్టుకున్నవాడికి శబ్దం వినపడేదే తప్ప బంతి కనపడేది కాదు. ఒక ఫైనల్లో చెయ్యి లాగుతోందని తెలిసీ దిగనన్నాడు. ఇంకొక్కడినే, వాణ్ణి ఔట్ చేసి దిగుతా అన్నాడు. అప్పటి మేనేజరు సరేనన్నాడు. ఆ ఒక్కడికి విసిరిన బంతితో మోచేతి లోపల ఏదో తెగింది. మరుసటి ఏడు కుర్రాళ్లకు ఆట నేర్పే పనిలో చేరాడు, పోను పోను మేనేజరయ్యాడు. కుడి చెయ్యి ఈనాటికీ పూర్తిగా చాచలేడు. గడ్డం ఎడమ చేత్తో గీసుకుంటాడు, అందుకే చెంప మీద ఎప్పుడూ ఓ గాటు ఉంటుంది.

పిచర్ అలసిపోతే మేనేజరు దిబ్బ దాకా నడిచి వెళ్లి బంతి అడిగి తీసుకుని, వాణ్ణి దించి ఇంకొకణ్ణి పెట్టాలి. అది ఆట పద్ధతి. బెనీల్దా వచ్చేది ఆ నడక చూడ్డానికే. ఒకప్పుడు చెరకు రైలు పట్టాల వెంట తన వెనకాలే తిరిగిన కుర్రాడు గీత దాటి వెళుతుంటే ఆమె విసనకర్ర ఆగిపోయేది. ఆ భాగ్యం కోసం జపమాల తిప్పుతూ, మా పిచర్ల బంతుల్ని ఎదుటి జట్టు బాగా బాదాలని మొక్కుకునేది.

"ఊరంతా గెలవాలని మొక్కుతుంటే నీ మొక్కేంటే తల్లీ," అని పక్కింటి ఒతీలియా దెప్పేది.

"మీకు కప్పు కావాలి, నాకు మొగుడు కావాలి. ఎవరి బాధ వాళ్లది."

చిక్కేమిటంటే, గీత దాటితే నికనోర్ ఒళ్లే కాదు, బుద్ధి కూడా ఇరవై మూడుకు దిగేది. వీణ్ణి దించేయాలి అని నిశ్చయించుకునే బెంచీ మీంచి లేచేవాడు. దిబ్బ చేరేసరికి పొగరు తలకెక్కి, "వెయ్యరా, నీకెదురెవడు," అని భుజం తట్టి వచ్చేసేవాడు. ఇవతలికి వచ్చాక తల పట్టుకునేవాడు. రాదమెస్ అనే పిచర్ చెయ్యి అలాగే పోయింది. ఇప్పుడతను చెరకు లారీ తోలుతున్నాడు, గేరు మార్చినప్పుడల్లా మూలుగుతాడు. ఆ లారీ వీధిలోకి వస్తే నికనోర్ ఇంట్లోకి వెళ్లిపోతాడు. అప్పట్నుంచి దిబ్బ దగ్గరికి తన సహాయకుడు చిచీని పంపడం మొదలుపెట్టాడు. ఎవరినీ దించక్కర్లేని ఆటల్లో మాత్రం బెనీల్దా కోసం ఒక్కసారి వెళ్లి వచ్చేవాడు.

ఆ ఏడు ఫైనల్లో దిబ్బ మీద వాస్కార్ ఉన్నాడు. పందొమ్మిదేళ్లవాడు, తల్లి మిల్లులో బస్తాలు కుడుతుంది. వాణ్ణి చూడ్డానికే పెద్ద క్లబ్బుల మనుషులు వచ్చి కూర్చున్నారు. ఒక్క పరుగు తేడాతో మేం ముందున్నాం, ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే కప్పు మాదే. అంతలో వాస్కార్ చెమట తుడుచుకోవడం మానేసి, కుడి చెయ్యి తొడకు ఆనించి పెట్టుకున్నాడు. చెయ్యి లాగుతోందనడానికి అది గుర్తని నికనోర్‌కు తెలుసు. చిచీని పంపాడు. చిచీ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఇవ్వనంటున్నాడు. మేనేజరే రావాలట."

"గట్టివాడే. నేనెళితే ఉంచేస్తానని వాడికి తెలుసు."

"ఉంచెయ్ మరి. ఇంకొక్కడేగా."

నికనోర్ లేచి వెళ్లి గీత దగ్గర ఆగాడు. ఆగడం చూసి తిమొతెయోకు విషయం అర్థమైంది.

"తొక్కకండి, డోన్. తొక్కితే మీలోని ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడు మళ్లీ రాడు. నేనెన్ని గీతలు గీసినా రాడు."

నికనోర్ మూడో వరస వైపు చూశాడు. బెనీల్దా విసనకర్ర ఆపి చూస్తోంది. ఆయనకు ఏడుపొచ్చింది. ఈ లోకంలో తన చెయ్యి పూర్తిగా చాపగలిగే చోటు ఆ గీత అవతలే. తనను చూస్తే పెళ్లాం మొహం అలా వెలిగే చోటూ అదే. కానీ వాస్కార్‌కు ఉన్నది ఒకటే కుడి చెయ్యి.

బూటు గీత మీద పెట్టి, సిగరెట్ పీక నలిపినట్టు నలిపాడు. గ్యాలరీలో ఆడవాళ్లు శిలువ గుర్తు వేసుకున్నారు. అవతల కాలు పెట్టింది కూడా అరవై ఆరేళ్ల నికనోరే. కుంటుకుంటూ, ఆయాసపడుతూ, ఒకసారి ఆగి నడుం పట్టుకుని, దిబ్బ చేరడానికి చాలాసేపు పట్టింది.

గీత దాటి వచ్చే కుర్ర నికనోర్‌ను ఎప్పుడూ పలకరించినట్టే "ఏరా నికా," అనడానికి వాస్కార్ సిద్ధంగా ఉన్నాడు. ఎదురుగా ముసలాయన్ని చూసేసరికి టోపీ తీశాడు.

"ఇంకొక్కడినే, డోన్," అన్నాడు. "వాళ్లు చూస్తున్నారు. ఈ ఒక్కణ్ణి ఔట్ చేస్తే నా బతుకు మారిపోతుంది."

"నేనూ ఆ ఒక్కడి కోసమే ఉండిపోయానురా."

నికనోర్ బంతి కోసం కుడి చెయ్యి చాపాడు. అది సగంలోనే ఆగిపోయింది. దిబ్బ మీద ఆ చెయ్యి వంకరగా ఉండడం వాస్కార్ ఎన్నడూ చూడలేదు. చాలాసేపు దానివైపే చూశాడు. తర్వాత ఒకడుగు ముందుకేసి బంతి ఆ చేతిలో పెట్టాడు.

ఫైనల్ ఓడిపోయాం. రొట్టెల దుకాణంవాడు కూడా నికనోర్‌తో కొన్నాళ్లు మాట్లాడలేదు. వాస్కార్ మోచేతిలో నరం దారప్పోగులా మిగిలిందని, ఇంకో బంతి వేసుంటే తెగిపోయేదని డాక్టరు చెప్పాక ఊరు నోరు మూసుకుంది. ఆ కుర్రాడు ఏడాది ఇంటిపట్టున కూర్చుని, మళ్లీ విసరడం మొదలుపెట్టి, చెంపలు నెరిసేదాకా విసిరాడు.

ఇక ఆ ఓడిపోయిన సాయంత్రం, మొగుడూ పెళ్లాం మిల్లు గోడ పక్కనుంచి ఇంటికి నడుస్తున్నారు.

"వాడిక రాడు, బెనీల్దా," అన్నాడు నికనోర్.

"తెలుసు."

కొంతదూరం ఆమె ఏడుస్తూనే నడిచింది. మలుపు దగ్గర ఆమె రుమాలుతో ముక్కు తుడుచుకుని, ఆయన వంకర చేతిలో తన చెయ్యి దూర్చింది.

"వాడు మరీ గబగబా నడిచేవాడు. నేను కళ్లార్పేలోగా దిబ్బెక్కేసేవాడు," అంది. "నువ్వైతే నెమ్మదిగా వెళతావు. ఇకనుంచి చిచీని పంపకు. నువ్వే వెళ్లు, చూస్తూ కూర్చుంటాను."