పదిహేడో ఫొటో

ఉత్తరపు గోడ కూలిపోయింది. దుమ్ము అణగకముందే బుల్డోజర్ వెనక్కి వచ్చి పడమటి గోడకేసి తిరిగింది.

హెజెకయా ప్రేలో దాని దారికి అడ్డంగా ట్రైపాడ్ నిలబెట్టాడు. కళ్లద్దాలు తుడుచుకుని, లైట్ మీటర్ చూసుకున్నాడు. ఇంజన్ పది అడుగుల దూరంలో గుర్రుమంటూ ఆగింది.

"తప్పుకో హెజ్," అన్నాడు మేస్త్రీ డోయల్ బండి మీద నుంచే. "నాలుగు వైపులా తీశావు కదా. ఇంకా ఈ కొంపకి పెళ్లి ఫొటోలు కూడా తీస్తావా?"

"వెనక పెరడు మిగిలింది."

"పెరట్లో ఏముంది? ఓ దేవదారు చెట్టు, బోలెడు పాములు."

హెజెకయా కదల్లేదు. పాత కట్టడాన్ని పడగొట్టేముందు ఫొటోలు తీసి దాఖలు చేయాలన్నది చట్టం. ఆ పని మీద కౌంటీ ఆఫీసు పంపిన మనిషి అతనే. డోయల్ వాచీ చూసుకుని, పన్నెండింటి వరకూ గడువిచ్చాడు. ఆ తర్వాత చెట్టుతో సహా చదునే. ఇక్కడ గోల్ఫ్ మైదానం వస్తోంది.

అప్పటికి తొమ్మిదిన్నర. ఆకాశమంతా మబ్బు.

హెజెకయాకి యాభై ఏడేళ్లు. మనిషి సన్నం. ముప్పై మూడేళ్లు కెమెరా సంచీ మోసి ఎడమ భుజం కిందికి జారింది. కెమికల్స్‌లో నానీ నానీ వేళ్ల చివర్లు గోధుమరంగుకి తిరిగాయి. ఎంత ఉక్కగా ఉన్నా టై కట్టుకునే వస్తాడు. ఆ ఆఫీసులో చేరిన మొదటి నల్లవాడు అతనే. టై లేకుండా రాకూడదని మొదటి రోజే చెప్పారు. తర్వాత చేరిన వాళ్లకి ఆ మాట ఎవరూ చెప్పలేదు, ఇతనికి వద్దని కూడా ఎవరూ అనలేదు. విరిగిన వంతెనలు, గుద్దుకున్న కార్లు, బడిపిల్లల వరసలు, రిటైరయ్యే అధికారుల చిరునవ్వులు ఎన్నో తీశాడు. దేని వెనకా అతని పేరుండదు, నంబరు మాత్రం ఉంటుంది.

ట్రైపాడ్ భుజాన వేసుకుని ఇంటిలోంచే పెరట్లోకి నడిచాడు. ఆల్చిప్పలు కాల్చిన సున్నంలో మళ్లీ ఆల్చిప్పలే కలిపి పోసిన గోడలవి. పొగగొట్టం ఇటుకల్లో అక్కడక్కడా చిన్న చిన్న వేలిముద్రలున్నాయి. తడి ఇటుకని అచ్చులోంచి తీసిన బానిస పిల్లలవి. పత్తి దొర ఈ మేడ కట్టించినప్పుడు అతని ముత్తాత వయసు తొమ్మిదేళ్లట. బానిసత్వం మీద వచ్చిన అంతర్యుద్ధంలో మేడ తగలబడింది. దొరలు పోయారు, కట్టినవాళ్లు మిగిలారు. తమవాళ్లు పోతే ఈ పెరట్లోనే, వాగుకెదురుగా, దేవదారు కింద పూడ్చుకున్నారు.

ఇప్పుడు వైనీ పెద్దమ్మ వంతు. తల్లిలేని హెజెకయాని పెంచింది ఆవిడే. తొంభై ఒక్కేళ్లు. ఆదివారం నుంచీ మంచం దిగలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే, తనని వాళ్లమ్మ పక్కన పడుకోబెట్టమని.

కానీ గోల్ఫ్ మైదానం కంపెనీ దగ్గరున్న కాగితం ఆ పెరట్లో సమాధులే లేవంటోంది.

ఈ దీవిలోని నల్లవాళ్లు సమాధి మీద రాయి పెట్టరు. పోయిన మనిషి చివరిగా వాడిన సామాను పెడతారు. దీపమో, పళ్లెమో, గడియారమో, మందుసీసానో, బంధం తెగిందన్న గుర్తుగా పగలగొట్టి పెట్టి వెళ్లిపోతారు. వాటిని ఎవరూ తాకరు, ఎన్నేళ్లయినా సరే. అలాంటిది ఇక్కడ ఒక్క పెంకు లేదు. మిగిలిందల్లా నేల కుంగిన ఆనవాళ్లు, అవీ బెత్తెడు లోతు. ఏటవాలు ఎండ పడితే పల్లాల అంచున నీడ నిలబడి ఫొటోలో దొరుకుతుంది. నడినెత్తి ఎండలో అంతా చాప పరిచినట్టు చదునే.

పొద్దున ఏటవాలు ఎండ వచ్చే వేళకి మబ్బు పట్టింది. సాయంత్రం దాకా ఆగడానికి డోయల్ ఒప్పుకోడు. హెజెకయా మోకాళ్ల మీద కూర్చుని ఆకులు ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టాడు. మబ్బుకేసి చూశాడు. మళ్లీ ఏరాడు.

ఆ కాగితం 1965లో కౌంటీ ఈ చోటుని ఫొటోలు తీయించినప్పటి పట్టీ. పెద్దమ్మ కూతురు డెల్ఫీన్ ఏడాదిగా దాని వెంటే పడింది. స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రాలు కోర్టు రికార్డుల గదిలో కూర్చునేది. చివరికి దాని అసలు ఫైలు దొరికింది. పదిహేడో ఫొటో కింద ఒకే వాక్యం ఉంది. ‘వంటింటి చెత్త, తొలగించడమైనది.’ రాసిందెవరో లేదు. ఆదివారం భోజనాల దగ్గర డెల్ఫీన్ ఎప్పుడూ అదే మాట ఎత్తేది. వాడెవడో తెలిస్తే చాలు, వాడి గుమ్మంలో కూర్చుని, వాడి పిల్లల ముందు అడుగుతానని. హెజెకయా బెండకాయ పులుసు గిన్నె ఆమె వైపు జరిపేవాడు.

పదకొండు ఇరవైకి మబ్బు విడింది.

అతను కెమెరా దగ్గరికి పరుగెత్తాడు. పొట్టని నేలకానించి, కెమెరాని గడ్డిలోకి దించి వరసగా పన్నెండు తీశాడు. లెన్స్‌లో కనిపించింది చదునైన మట్టి. నీడలు గోరంత కూడా లేవు. ఈ ఫిల్ములో ఏమీ రాదని చెప్పడానికి అతనికి డార్క్‌రూమ్ అక్కర్లేదు. అయినా పదమూడోది కూడా తీశాడు.

కారు ఆగిన చప్పుడైంది. డెల్ఫీన్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ముళ్లకంపలో నడిచి వస్తోంది. చేతిలో తువ్వాల్లో చుట్టిన కప్పు. అతను లేచి నిలబడ్డాడు.

అమ్మ పదిన్నరకి పోయిందని చెప్పింది. టీ అడిగిందట. సగం తాగి, మిగతాది హెజ్ వచ్చాక తాగుతానందట. కళ్లు మూసుకుంటే నిద్ర అనుకున్నారట.

"ఇది ఎక్కడ పెట్టను అన్నయ్యా?" కప్పు చూపిస్తూ అడిగింది. "అమ్మమ్మ ఎక్కడుందో చూపించు. ఆ పక్కన పెడతాను. వీళ్లు తొక్కించుకుంటే తొక్కించుకోనీ."

డోయల్ ఇంజన్ ఆపి దిగొచ్చాడు. టోపీ తీశాడు.

"నన్నేం చేయమంటావమ్మా," అన్నాడు. "కాగితంలో లేనిది నేనెక్కడ తేను? ఆ కాగితం తప్పని ఎవరైనా సంతకం పెట్టారనుకో, సమాధులు తవ్వకూడదన్న చట్టం నా మెడ మీద ఉంటుంది, ఇప్పుడే తాళం చెవి జేబులో వేసుకుంటా. కానీ ఆ రాసినోడు ఈపాటికి చచ్చుంటాడు."

"చావలేదు," అన్నాడు హెజెకయా.

ఇద్దరూ అతనికేసి చూశారు. అతను టై ముడి సరిచేసుకున్నాడు.

"నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగంలో రెండో వారం. ఇక్కడ పెంకులు, సీసాలు, దీపాలు కనపడితే మా ఆఫీసరు నవ్వాడు. ఏమిటిదంతా, మీవాళ్ల వేషాలా అన్నాడు. సిగ్గేసింది. కాదండీ, వంటింటి చెత్త అన్నాను. ఫొటో శుభ్రంగా రావాలన్నాడు. ముందు ఉన్నదున్నట్టు ఒకటి తీసి, తర్వాత ఈ చేతులతోనే బుట్టకెత్తి వాగులో పోశాను. అమ్మమ్మ దీపం గ్లాసు కూడా. పట్టుకోగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా పోశాను."

వాగు మీద కొంగ ఒకటి లేచి అవతలి గడ్డిలో వాలింది. డెల్ఫీన్ అతని చేతులకేసి చూసింది.

"ఏడాది," అంది. "ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చున్నావు."

"అవును."

"అమ్మకి తెలుసా?"

"నేను చెప్పలేదు. అడగాలని ఆవిడా ఎప్పుడూ అనుకోలేదు. నేను తీసిన ఫొటోలన్నీ బాగుంటాయనేది."

డోయల్ బండిలోంచి అట్ట, కాగితం తెచ్చాడు. ఇది రాస్తే నీ ఉద్యోగం మిగలదని, దీవిలో నీకు మొహం కూడా మిగలదని గొంతు తగ్గించి చెప్పాడు. హెజెకయా తలూపాడు. చెట్టు మొదలు నుంచి ఏడు అడుగులు కొలిచి, ఆకులు ఏరిన చోట నిలబడ్డాడు. ఇక్కడే అన్నాడు.

డెల్ఫీన్ తువ్వాలు విప్పింది. కప్పుని అతని పాదాల పక్కన నేల మీద పెట్టింది. పగలగొట్టలేదు.

"రాసుకోండి," అంది డోయల్‌తో. తర్వాత అతనికేసి చూడకుండానే, "పేరు చెప్పు. గట్టిగా. అమ్మమ్మకి కూడా వినబడాలి," అంది.

"హెజెకయా ప్రేలో."

ఆమె కారు వైపు వెళ్లిపోయింది. కప్పు అడుగున టీ ఇంకా మిగిలే ఉంది. అంచు మీద పెద్దమ్మ పెదవుల గుర్తు చెరగలేదు.